నాడాతో కొలిచిన కడుపులు

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు, రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. జగిత్యాలలో మేము అద్దెకుంటున్న ఇంట్లో, మధ్యాహ్నం అన్నం తిని ఆయన దుకాణానికి తిరిగి వెళ్ళాక, తలుపు గొళ్ళెం పెట్టుకుని నా కడుపుకు కథలు చదివి వినిపించేదాన్ని. అందులో వింతేమీ లేదు, చాలామంది చదువుతారట. నేను చేసిన వింత వేరు. ఒక పేజీ ఎడమ పక్కకు తల వంచి చదివేదాన్ని, తర్వాతి పేజీ కుడి పక్కకు వంచి చదివేదాన్ని. లోపల ఇద్దరుంటే, ఒకరికే వినిపించానని రెండోవాళ్ళు అలుగుతారేమోనని. కొన్నాళ్ళకు ఒక సంగతి తట్టింది. ఇట్లా చదివితే ఇద్దరికీ సగం సగం కథే అందుతుంది కదా! అప్పటినుంచి ఒక్కో పేజీ రెండుసార్లు చదవడం మొదలుపెట్టాను. లైబ్రరీ నుంచి తెచ్చిన సన్నపాటి పుస్తకం కూడా రెండు వారాలు పట్టింది.

లోపల ఉన్నది ఒక్కరేనని నాకు తెలియదా అంటే, తెలుసు. మొదటి స్కానింగులో డాక్టరమ్మ తెర వైపు చూస్తూ "బేబీ మంచిగుంది" అన్నది. బేబీలు అనలేదు. తర్వాత వెళ్ళినప్పుడు ఇంకొకరు కూడా ఉన్నారా అని అడగడానికి నాకు నోరు రాలేదు. చిన్నప్పటినుంచీ అంతే. కొట్టువాడు తప్పు సబ్బు ఇచ్చినా అదే తెచ్చుకుని వాడుకునే రకం నేను. ఇంటికొచ్చాక బుర్ర ఒక్కరే అని చెప్పేది, మనసు మాత్రం ఏమో, ఎవరు చూశారు అనేది. అట్లా అనడానికి కారణం సిరిసిల్లలో ఉంది.

మా అత్తగారిల్లు సిరిసిల్ల. ఇంటి ముందు భాగంలో మామయ్యవీ, బావగారివీ నాలుగు సాంచెలుంటాయి. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. పొద్దున మొదలైతే అన్నాల వేళకు తప్ప ఆగవు. ఆ చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే అరవాల్సిందే. అందుకే ఆ ఇంట్లో గుట్టు అన్నది నిలవదు. నాలాంటి మెల్లని గొంతు మనిషి చెప్పేది పక్కనున్నవాళ్ళకు కూడా వినపడదు. మిగతావాళ్ళు చెప్పుకునేది వీధి చివరి దాకా వినపడుతుంది.

వెనుక గదిలో అత్తమ్మ లంగాలు కుడుతుంది. కత్తిరించిన గుడ్డ కట్టలు కట్టలుగా ఇంటికి వస్తుంది. అత్తమ్మ కుట్టి, నాడాలు ఎక్కించి, మడతపెట్టి పంపుతుంది. ఆమె పక్కన కూర్చుని పిన్నీసుతో నాడాలు ఎక్కించేది మా యారాలు, అంటే బావగారి భార్య. నేను అక్క అని పిలుస్తాను. మనిషి పొడుగు, గొంతు పెద్దది. నవ్వితే సాంచె చప్పుడును దాటి వినపడుతుంది. పెళ్ళయి ఆ ఇంటికి వెళ్ళిన మొదటి రోజు, కొత్తవాళ్ళ మధ్య తల వంచుకుని కూర్చుంటే, నా చెవి దగ్గరికొచ్చి "గీ ఇంట్ల సిగ్గువడితే బువ్వ దొరకదు చెల్లె" అని చెప్పి, నా పళ్ళెంలో రెండు గారెలు ఎక్కువ వేసింది.

ఈ ఏడు మేమిద్దరం ఒకేసారి కడుపుతో ఉన్నాం. ఆమెకు నాకంటే ఒక నెల ముందు.

మా అత్తమ్మకు ఒక అలవాటు ఉంది. తన కాన్పులప్పుడు మొదలుపెట్టిందట, ఆడబిడ్డలకూ చేసిందట, ఇప్పుడు మాకు. కడుపుతో ఉన్నవాళ్ళు స్నానం చేసి లంగా కట్టుకోగానే పిలిచి, ముడి వేశాక నాడా కొసలు ఎంత వేలాడుతున్నాయో వేళ్ళతో పట్టి చూస్తుంది. కడుపు పెరిగేకొద్దీ కొసలు పొట్టివవుతాయి. ఇక ముడి పడటం లేదన్న రోజు పుట్టింటికి పంపాలి. టేపు ఆమె మెడలోనే వేలాడుతూ ఉంటుంది కానీ కడుపుతో ఉన్నవాళ్ళను టేపు పెట్టి కొలవకూడదంటుంది. దిష్టి. నాడాతో చూస్తే దిష్టి కాదు.

ఒక ఆదివారం మేము సిరిసిల్ల వెళ్ళాం. వస్తున్నట్టు ముందు చెప్పలేదు. నేను తెచ్చుకున్న లంగాలు బిగుతయ్యాయంటే, అత్తమ్మ అప్పుడే కుట్టిన వాటిలోంచి రెండు తీసి నాకిచ్చింది. స్నానం చేసి వచ్చేసరికి గుమ్మంలో ఎదురింటి పెద్దమ్మ కూర్చుని ఉంది. ఆమె మా అత్తమ్మను వదినె అంటుంది.

"ఇద్దరు గిట్ల పక్కపక్కన నిలవడుండ్రి," అన్నది అత్తమ్మ.

నిలబడ్డాం. అత్తమ్మ ముందు అక్క నాడా పట్టి చూసింది, తర్వాత నాది. మళ్ళీ అక్కది చూసింది.

"ఏందే ఇది. పెద్దదానికి జానెడు వేలాడుతుంది. చిన్నదానికి బెత్తెడు గూడ లేదు."

"ఓ వదినే," అని పెద్దమ్మ లేచి వచ్చింది. "పెద్దకోడలికి ఏడు వడ్డదంటివి. చిన్నకోడలికి ఆరంటివి. నాకేమో ఉల్టా కొడుతుంది."

"నాకూ గదే సమజైతలేదు."

"సమజయ్యేదేముంది. చిన్నదానికి లోపల ఇద్దరున్నరు."

"స్కానింగుల ఒక్కరే అన్నరట గద."

"స్కానింగు ముందటి దిక్కునుంచి చూస్తది. ఒకరెనుక ఒకరు పండుకుంటే దానికేం ఎరుక? మా మేనమామ కోడలికి గట్లనే ఒక్కరన్నరు. కాన్పునాడు ఒకడు అచ్చిండు, సంబురపడుతుండ్రు, ఎనుకనుంచి ఇంకోడు అచ్చిండు!"

"టికెట్ లేకుండ ఎనుక సీట్ల కూసున్నడా పెద్దమ్మా?" అన్నది అక్క. అందరం నవ్వాం. నవ్వు ఆగాక పెద్దమ్మ అక్క కడుపు వైపు చూసి, "నీదే ఏంది బిడ్డా, గింతే ఉన్నది," అన్నది. చెడ్డ మనిషి కాదు. నోట్లోకి వచ్చింది అన్నది అంతే. అక్క "నాకు జాగెక్కువ పెద్దమ్మా, గోదాం అసొంటి కడుపు" అని మళ్ళీ నవ్వించింది.

ఆ రోజు సంతోషంగా గడిచింది నాకు. నిజం చెప్పాలంటే, అంతమంది నా గురించి మాట్లాడుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి. అత్తమ్మ కాటన్ ముక్కలు వెతికి చిన్న చిన్న జుబ్బాలు కుట్టడం మొదలుపెట్టింది. ప్రతిదీ రెండేసి. మామయ్య సాంచె ఆపి మరీ వచ్చి, "రెండు పేర్లు ఆలోచించుకోండ్రి, ఒకటి నేను పెడత," అని చెప్పి వెళ్ళాడు. తిరుగు ప్రయాణంలో బస్సు కొండగట్టు కింద నుంచి పోతుంటే కిటికీలోంచి దండం పెట్టుకున్నాను. ఏం కోరుకోవాలో తెలియలేదు. ఎందరుంటే అందరు బాగుండాలి అనుకున్నాను.

ఆ మాట కోరుట్లకు నాకంటే ముందే చేరింది. తర్వాతి వారం పుట్టింటికి వెళ్తే, అమ్మ వాకిట్లో ఇద్దరు చుట్టుపక్కలవాళ్ళతో కూర్చుని బీడీలు చుడుతోంది. ముగ్గురి ఒళ్ళోనూ చాటలు. నన్ను చూడగానే ముగ్గురి చేతులూ ఆగాయి.

"వానకు మొగులు చూసినట్టు చూస్తున్నరేందవ్వా, కూసోనియ్యుండ్రి పిల్లను," అన్నది అమ్మ.

"ఇద్దరే. నడక చూస్తెనే ఎరుకైతుంది," అన్నది ఒకామె.

"బిడ్డా, నిజం చెప్పు. జంట అరటిపండు గిట్ల తిన్నవా ఎన్నడన్న?" అన్నది రెండో ఆమె.

"లేదత్తా."

"యాదికి తెచ్చుకో. పెండ్లిల్లల్ల, గుడి కాడ, ఎవలన్న చేతిల పెడితే చూడకుంట తింటరు. నువ్వు పుస్తకం చూసుకుంట తినేదానివి, నీకేం ఎరుక."

ఆ చివరి మాట నిజమే. చదువుతూ తింటే నేను ఏం తింటున్నానో నాకే తెలియదు. ఆ రాత్రి చాలాసేపు నేను తిన్న అరటిపళ్ళన్నీ గుర్తుచేసుకునే ప్రయత్నం చేశాను. అమ్మ మాత్రం తేలిగ్గా తీసుకుంది. "ఒక్కరైతే ఒడిల చాట ఒక దిక్కు, పిల్ల ఒక దిక్కు. ఇద్దరైతే చాట కింద పెడత. గంతే గద," అన్నది.

మళ్ళీ సిరిసిల్ల వెళ్ళేసరికి రెండు వారాలు దాటింది. ఈసారి అక్క గుమ్మంలోకి ఎదురు రాలేదు. వెనుక గదిలో గోడకు ఆనుకుని కూర్చుని నాడాలు ఎక్కిస్తోంది. వదులు నైటీ మీద పెద్ద తువ్వాల వేసుకుంది. నన్ను చూసి నవ్వింది కానీ, అది సాంచె చప్పుడును దాటలేదు. పక్కన కూర్చోబోతే, "గక్కడ కూసో చెల్లె, ఫ్యాను గాలి తగుల్తది," అని గదికి అవతలి వైపు చూపించింది. నాకు అర్థం కాలేదు. కాసేపటికి ఎదురింటి పెద్దమ్మ రావడం, అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోవడం చూశాక అర్థమైంది. నా పక్కన నిలబడి కనబడటం ఆమెకు ఇష్టం లేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్తమ్మ చెప్పింది. అక్క డాక్టరు దగ్గరికి పోవడం మానేసిందట. ఎనిమిదో నెలలో చూపించుకోవాల్సిన స్కానింగుకు రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేస్తోందట. బావగారు రెండుసార్లు బండి తీశాడట, రెండుసార్లూ తలనొప్పి అన్నదట.

"ఎందుకంటే చెప్పది. నీతోని అన్న చెప్తదేమో అడుగు," అన్నది అత్తమ్మ. ఆమె కూడా భయపడుతోందని, గొంతు తగ్గించి మాట్లాడటం చూస్తే తెలిసింది. ఆ ఇంట్లో గొంతు తగ్గించడం అంటే పెద్ద సంగతి.

కారణం ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నా పెళ్ళికి ముందు ఏడాది, అక్కకు మొదటి కడుపు ఏడో నెలలో పోయింది. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

సాయంత్రం ఆరేసిన బట్టలు తేవడానికి నేను మేడ మీదికి వెళ్ళాను. దండెం మీద అక్క లంగా, నా లంగా పక్కపక్కన వేలాడుతున్నాయి. రెండూ ఒకే గులాబీ రంగు. ఉతికి ఆరేసేటప్పుడు నాడా ముడి విప్పి వదిలేస్తాం కదా, రెండింటి నాడాలూ కిందికి వేలాడుతున్నాయి. గాలి లేదు. నేను నా లంగా తీయబోతూ ఆగిపోయాను. అక్క నాడా నాదానికంటే బాగా కిందికి ఉంది. వాటిలో ఏ కడుపూ లేదు. ఖాళీ లంగాలు. అయినా ఆమె నాడానే పొడుగు.

రెండు నాడాలనూ పట్టుకుని కొస నుంచి కొసకు ఆనించి చూశాను. ఆమెది జానెడుకు పైనే ఎక్కువ ఉంది.

కిందికి దిగి వెనుక గదిలోకి వెళ్ళి, అత్తమ్మ నాడాలు కత్తిరించే చోట నిలబడ్డాను. గోడకు మూడు మేకులు కొట్టి ఉంటాయి. నాడా చుట్టను మొదటి మేకుకూ రెండో మేకుకూ మధ్య తిప్పుతూ చుట్టి ఒకేసారి కత్తిరిస్తే మామూలు లంగాలకు. మొదటి మేకుకూ మూడో మేకుకూ మధ్య చుట్టి కత్తిరిస్తే లావుపాటి ఆడవాళ్ళకు కుట్టే పెద్ద లంగాలకు. అక్క కడుపుతో ఉందని తెలిసిన రోజే, కడుపు పెరిగినా సరిపోవాలని అత్తమ్మ ఆమెకు ముద్దుగా పెద్ద లంగాలు కుట్టిచ్చింది. నేను చెప్పకుండా వచ్చాను కాబట్టి నాకు చేతికందిన మామూలువి ఇచ్చింది. ఆ తర్వాత మా ఇద్దరి నాడా కొసలూ పట్టుకుని, ఒకరికి ఇద్దరన్నారు, ఇంకొకరికి ఇంతేనా అన్నారు. రోజుకు అన్ని నాడాలు కత్తిరించే మనిషికి కూడా ఆ సంగతి తట్టలేదు. మనవల మీద ధ్యాసలో నాడా మీద ధ్యాస ఎక్కడ ఉంటుంది.

అత్తమ్మతో ఈ మాట చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. అక్కను మేడ మీదికి పిలిచాను. ఆమె ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, "ఏంది, పాము గిట్ల అచ్చిందా?" అన్నది. నేను దండెం చూపించాను. ఆమెకు అర్థం కాలేదు. రెండు నాడాలూ ఆమె చేతిలో పెట్టాను. ఒక్క నిమిషం చూసింది. చూసి చూసి, మెట్ల గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుని, పొట్ట అదిరేలా నవ్వడం మొదలుపెట్టింది.

"ఓ అత్తా!" అని మేడ మీది నుంచే అరిచింది. "నీ చిన్నకోడలికి ఇద్దరు లేరట! నాడానే పొట్టిదట!"

కింద సాంచెలు ఆగాయి. అత్తమ్మ వాకిట్లోకి వచ్చి తలెత్తి "ఏందే?" అన్నది. అక్క మొత్తం చెప్పింది. అత్తమ్మ "నా మతి మండ," అని నెత్తి కొట్టుకుంది. ఎదురింటి గుమ్మంలోంచి పెద్దమ్మ, "అయితే మాత్రం ఏంది, ఎనుక ఇంకోడు ఉండడని నాడా చెప్పిందా?" అని తన మాట మీదే నిలబడింది. మామయ్య నవ్వుకుంటూ మళ్ళీ సాంచెలు నడిపించాడు.

ఆ చప్పుడు మొదలయ్యాక అక్క నవ్వు ఆగిపోయింది. ఇద్దరమే ఉన్నాం. నాడా కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది.

"నాడా అబద్ధమే చెల్లె," అన్నది. "గాని కడుపు కండ్లకు కనవడుతనే ఉన్నది గద. నీకంటె నెల ముందు నాకు. పక్కపక్కన నిలవడితే నీదే పెద్దగుంటది. అది నాడా చెప్పలె, అద్దం చెప్పింది."

నేనూ ఆమె పక్కన కింద కూర్చున్నాను.

"పోయినసారి గూడ గిట్లనే ఉండె. చిన్నగ. ఎవలన్న అంటే నవ్విన. స్కానింగుకు పోతే, ఆ డాక్టరు మాట్లాడుడు బందు పెట్టిండు. అటు తిప్పుతడు, ఇటు తిప్పుతడు, ఏం చెప్పడు. ఆఖరికి మీ ఆయనను పిలువుమన్నడు. గప్పుడే నాకెరుకైంది. ఇప్పుడు గా మంచం మీద పండుకోవాలంటే కాళ్ళు అస్తలేవు. ఇంట్ల ఉన్నన్ని రోజులు కడుపుల ఉన్నట్టే గద. పోతెనే గద తెలిసేది."

"కదులుతుందా అక్కా?"

"కదులుతుంది. గాని మెల్లగ. నీది తన్నుతుందంటివి గద. నాది గట్ల తన్నదు."

నా నోట్లోంచి ఆ మాట ఎట్లా వచ్చిందో తెలియదు. బస్సులో టికెట్ అడగాలన్నా పది సార్లు లోపల అనుకునే మనిషిని నేను. "జగిత్యాల రా అక్కా," అన్నాను. "మా డాక్టరమ్మ దగ్గరికి పోదాం. నేను లోపలికి వస్తా. నీ చేయి పట్టుకుని నిలబడతా. ఆమె మాట్లాడటం ఆపితే నేను అడుగుతా."

అక్క నా ముఖం వైపు అనుమానంగా చూసింది. "నువ్వు? అడుగుతవా?"

"అడుగుతా."

"నువ్వు అడిగేది చూద్దామన్న అస్త," అన్నది.

మంగళవారం ఆమె జగిత్యాల వచ్చింది. ఆస్పత్రిలో ఇద్దరమూ పక్కపక్కన కూర్చున్నాం. అక్కడ కూర్చున్న ఆడవాళ్ళు కూడా మా ఇద్దరి కడుపులనూ మార్చి మార్చి చూశారు. ఒకామె నన్ను "ఎన్నో నెలమ్మా, ఇద్దరా?" అని అడగనే అడిగింది. అక్క నా కంటే ముందే, "ఇద్దరే. ఇగో నేనొక్కదాన్ని, అదొక్కతి," అని జవాబు చెప్పింది. కానీ ఆమె చేయి చల్లగా ఉంది. మా వంతు వచ్చింది.

నర్సు ఒక్కొక్కరే రావాలన్నది. నేను ఆమె చేయి వదల్లేదు. డాక్టరమ్మ తలెత్తి చూసి, రానియ్యమన్నట్టు సైగ చేసింది. అక్క మంచం మీద పడుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. డాక్టరమ్మ కడుపు మీద జిగురు రాసి, ఆ పరికరం ఆనించింది. తెర వైపు చూస్తూ అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఏమీ మాట్లాడలేదు. అక్క వేళ్ళు నా వేళ్ళను నలిపేస్తున్నాయి.

"ఎట్లా ఉంది మేడం?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "చెప్పండి మేడం. ఆమెకు భయమవుతోంది. పోయినసారి ఒకటి పోయింది."

డాక్టరమ్మ ఇటు తిరిగి అక్కను చూసింది. ఏమీ చెప్పకుండా ఒక బటన్ నొక్కింది. గది నిండా చప్పుడు. గబగబా, ఆగకుండా, ఎవరో పరుగెత్తుతున్నట్టు. అక్క కళ్ళు తెరిచింది.

"గుండె సప్పుడే?"

"అవునమ్మా. మంచిగ కొట్టుకుంటుంది."

"మా సాంచె కన్న జోరుగుంది," అన్నది అక్క. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోలేదు.

డాక్టరమ్మ వివరంగా చెప్పింది. అక్క పాపాయి కొంచెం సన్నగా ఉంది, కానీ పెరుగుతోంది. నీళ్ళు సరిపోయినంత ఉన్నాయి. బాగా తిని, మధ్యాహ్నం ఎడమ పక్కకు తిరిగి పడుకుని, రెండు వారాలకు మళ్ళీ వచ్చి చూపించుకోవాలి. ఇక రాకుండా ఉండకూడదు. కదలిక ఏమాత్రం తగ్గినట్టనిపించినా వెంటనే రావాలి. "మెల్లగ కదులుడు తప్పు కాదు, అసలు కదలకుంటెనే నాకు చెప్పాలె," అన్నది.

"మరి ఆమెకు నెల తక్కువ. కడుపేమో నాకంటె పెద్దగుంది," అన్నది అక్క, నా వైపు చూపిస్తూ.

డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూసింది. ఆమె కూడా అదే పని చేసినందుకు నాకు నవ్వొచ్చింది. "నువ్వు పొడుగున్నవు, నీ నడుము పొడుగుంది. బేబీ లోపలనే సర్దుకుంది. ఈమె నడుము పొట్టిది. ముందుకు వచ్చుడు తప్ప దానికి జాగ లేదు. గంతే. కడుపులు పక్కపక్కన పెట్టి లెక్కగట్టుడు బందు పెట్టుండ్రి."

నా వంతు కూడా అప్పుడే చూసింది. అంతా బాగుందని చెప్పింది. కాగితాలు చేతిలో పెట్టుకుని బయటికి రాబోతూ నేను ఆగాను. ఇంత దూరం వచ్చి నోరు విప్పాను కదా, ఇది కూడా అడిగేస్తే పోతుంది అనిపించింది.

"మేడం, నాకు వెనుక ఇంకొకరు ఎవరూ లేరు కదా?"

డాక్టరమ్మ నవ్వలేదు. ఇంతకుముందు ఎంతమంది అడిగారో. "ముందు లేరు, ఎనుక లేరు. ఒక్కరే. పెద్దగ ఉన్నరు," అన్నది.

బయటికి వస్తుంటే నాలో ఏదో కొంచెం ఖాళీ అయినట్టనిపించింది. ఎవరినో బస్సెక్కించి వచ్చినట్టు. అది కూడా ఎంతోసేపు లేదు. బస్టాండు దగ్గర బండి మీద మిరపకాయ బజ్జీలు కనబడ్డాయి. అక్క నా చేయి పట్టి లాగింది. డాక్టరమ్మ మంచిగ తినమన్నదంటే వీటిని కాదు అన్నాను. "తినుమన్నది గద, ఏం తినుమన్నదో నువ్వు అడగలె. ఇయ్యాల అన్ని అడిగినవు, గదొక్కటి అడగలె," అన్నది. ఆ రోజు ఆమె నవ్వు బస్టాండు చప్పుడును కూడా దాటి వినపడింది. మా ఇంట్లో రెండు రోజులుంది. నా పుస్తకాలు తిరగేసి, "గివన్నీ చదివినవా? మరి గింత మెల్లగ ఎందుకు మాట్లాడుతవు, మాటలన్నీ గిండ్లనే అయిపోయినయా?" అన్నది. పొద్దున లేచి నాకు సర్వపిండి చేసి పెట్టింది. రెండు వారాలకు మళ్ళీ వచ్చి చూపించుకుంది. పాపాయి బరువు పెరిగింది. అప్పుడు నేను లోపలికి వెళ్ళాల్సిన అవసరం పడలేదు, తానే వెళ్ళి వచ్చింది.

అక్కకు తొమ్మిదో నెల పడగానే అత్తమ్మ ఇంకో నియమం బయటికి తీసింది. ఒకే ఇంటి కోడళ్ళు ఇద్దరు నిండు కడుపులతో ఒకరి ముఖం ఒకరు చూసుకోకూడదట. ఇద్దరి కాన్పులూ అయ్యేదాకా. అక్క తన తల్లిగారింటికి గొల్లపల్లి వెళ్ళింది. నన్ను అమ్మ కోరుట్లకు తీసుకొచ్చింది. ఫోన్లో మాట్లాడుకోవచ్చా అని అడిగితే, అత్తమ్మ కాసేపు ఆలోచించి, "మాట్లాడుకోండ్రి. వీడియోల మొఖం మాత్రం చూపియ్యకుండ్రి," అని తీర్పు చెప్పింది.

అప్పటినుంచి రోజూ ఫోన్. అక్క చెప్పేవన్నీ అమ్మకు కూడా వినపడతాయి, స్పీకర్ పెట్టకుండానే. కదులుతోందా అని నేను అడుగుతాను. కదులుతుంది, నువ్వు తిన్నవా అని ఆమె అడుగుతుంది. ఎవరి కడుపు ఎంత ఉందన్న మాట మేమిద్దరం ఎత్తలేదు. ఎదురింటి పెద్దమ్మ మాత్రం, రేపు చూడుండ్రి, ఎనుకనుంచి ఒకడు అస్తడు అని ఇంకా అంటూనే ఉందట.

మొన్న పొద్దున ఫోన్ రాలేదు. మధ్యాహ్నం దాకా రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. అమ్మ చాట పక్కన పెట్టి నా దగ్గరే కూర్చుంది. బీడీ ఆకు కత్తిరించే కత్తెర చేతిలోనే ఉంది. వాకిట్లో నీడ ఇవతలి గోడ దాకా వచ్చింది. నేను పుస్తకం తెరిచి పెట్టుకున్నాను కానీ ఒక్క అక్షరం లోపలికి పోలేదు. సాయంత్రం బావగారి నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తగానే అక్క గొంతు. అలసిపోయి ఉంది, అయినా పెద్దగానే ఉంది. వెనుక సన్నగా, చిన్న గొంతు ఏడుస్తోంది.

"విన్నవా?" అన్నది.

"విన్నా అక్కా."

"బిడ్డ పుట్టింది. జగిత్యాల దవాఖానల్నే. గింత చిన్నగుంది, గాని ఏడిస్తే నా గొంతే."

అమ్మ నా ముఖం చూసి అర్థం చేసుకుని, కత్తెర కింద పెట్టి దేవుడి పటం వైపు తిరిగింది. కాసేపు ఫోన్లో ఇటు నేను, అటు అక్క ఆ ఏడుపునే వింటూ ఉన్నాం. నర్సు ఏదో అంటోంది, పెట్టేయమంటున్నట్టుంది. నువ్వు బాగున్నావా, నొప్పిగా ఉందా అని నేను అడుగుతుంటే ఆమె మధ్యలోనే ఆపింది.

"నేను మంచిగనే ఉన్న. ఇగ నీ వంతు, పరేషాన్ గాకు. పుట్టినంక మంచిగున్నరని చెప్పు సాలు చెల్లె, తూకం మాత్రం నాకు చెప్పకు."